ముదురు ముంజె

పిల్లలూ, మనం ఉంటున్న ఈ ఊళ్ళో తాటిముంజెలు దొరకవు. అందుకే ఈ కథ మీకు చెప్పకుండా ఇన్నాళ్ళూ వాయిదా వేస్తూ వచ్చాను. ముంజె చేతిలో పెట్టి చెప్పాల్సిన కథ ఇది. ఇంకా ఆగితే మీరు పెద్దవాళ్ళయిపోతారు. ఇందులో తల ఆపరేషన్ ఉంది, భయపడకండి. మీ పెద్దమ్మ అప్పట్లో విశాఖపట్నంలో ఆ ఆపరేషన్ థియేటర్లోనే సిస్టరు. తను చూసింది నాకు చెప్పింది. నేను అదే చెబుతున్నాను. నాకు తెలియనిచోట తెలియదనే అంటాను.

డాక్టర్ నిరుపమతో వచ్చిన చిక్కల్లా ఒకటే. దేన్నీ కొంచెం మిగిల్చి వదిలేయడం ఆమెకు చేతకాదు.

ఆమె గురువు జోగారావు గారు. మెదడు ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు. మాట తక్కువ. ఆయన దగ్గర పని నేర్చుకునేవాళ్ళకి వేసవిలో ఒక చిత్రమైన పరీక్ష ఉండేది. బజారు నుంచి ముంజెలు తెప్పించి, ఒక్కొక్కటే మైక్రోస్కోపు కింద పెట్టేవారు. సన్నటి పరికరాలతో పైపొర ఒలవాలి. లోపలి నీళ్ళు కారకూడదు. ఆయన పెట్టిన షరతు అంతే.

నిరుపమ తనంతట తాను ఇంకోటి చేర్చుకుంది. పొర ఇసుమంతైనా మిగలకూడదు. ఆమె ఒలిచిన ముంజె అద్దంలా ఉండేది. తోటివాళ్ళు ఈర్ష్యపడేవారు. జోగారావు గారు చూసి, "ఊఁ" అనేవారు. బాగుందని మాత్రం ఎప్పుడూ అనలేదు. అది ఆమెకు గుచ్చుకునేది.

జోగారావు గారి యూనిట్‌కి పోలమ్మ అని ఒకావిడ రోగిగా వచ్చింది. చేపల హార్బర్లో పాట పాడే మనిషి. పాటంటే వేలంపాట. పడవలు రాగానే గంపల ముందు నిలబడి ధర కేకేసేది. ఆమె కేక వేస్తే రెండు పడవల అవతలి బేరగాడు కూడా తిరిగి చూడాల్సిందే.

మెదడు వెన్నులోకి దిగేచోట బొటనవేలంత కాడ ఒకటి ఉంటుంది. మన ఊపిరి, మింగడం, మాట, కళ్ళు తిప్పడం, అన్నిటి తీగలూ అందులోంచే పోతాయి. పోలమ్మకి ఆ కాడలో రక్తనాళాలు సరిగా అల్లుకోక, మల్బరీ పండులా ముద్దకట్టాయి. పుట్టుకతోనో తర్వాతో నాకు తెలియదు. అది ఒకసారి చిట్లి రక్తం కారింది. అప్పుడు జోగారావు గారు ఆపరేషన్ చేయనన్నారు. ముద్ద లోతుగా ఉంది, దాన్ని చేరాలంటే మంచి తీగల్ని కోసుకుంటూ పోవాలి. రెండోసారి చిట్లినప్పుడు అది ఉబ్బి కాడ అంచుకి వచ్చింది, ఇప్పుడు మంచి తీగల్ని కోయకుండా చేరవచ్చు. కానీ ఈసారి పోలమ్మకి మింగుడు పడటం లేదు. మాట ముద్దగా వస్తోంది.

"ఆ కాడ జోలికి పోవద్దండీ జోగారావు గారూ. టేబుల్ మీదే పోతే ఎవరు జవాబు చెబుతారు?" అన్నారు సూపరింటెండెంట్ గారు. "ఇంటికి పంపించేయండి."

"మనం దాని జోలికి పోకపోతే, అది ఆవిడ జోలికి పోకుండా ఉంటుందా?" అన్నారు జోగారావు గారు.

మంచం మీంచి పోలమ్మ అందుకుంది. "ఇంటికెల్లి ఏటి సెయ్యమంటారు బాబూ? మొత్తం గొంతు పడిపోయేదాకా గోడకేసి సూత్తా కూకోమంటారా? నానెల్లను. కోసెయ్యండి."

"కన్ను మెల్ల పడొచ్చు. ఒకవైపు మొహం తిమ్మిరిగా ఉండిపోవచ్చు. ప్రాణం మీదికే రావచ్చు," అన్నారు జోగారావు గారు.

"మెల్లకంటికి సేపలు ఆనవేటి? గొంతు ఇచ్చీయండి, సాలు. గొంతు నేకుండా నాను ఇంటికెల్లను." ఆ మాటలు ఆమె ఎంతో కష్టపడి, ముక్కలు ముక్కలుగా అంది. నిరుపమ పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆ గొంతు తనే తెచ్చి ఇవ్వాలని ఆ క్షణానే అనుకుంది.

ఆపరేషన్ రోజు మైక్రోస్కోపుకి అటు గురువు, ఇటు శిష్యురాలు కూర్చున్నారు. జోగారావు గారు దారి తీసి, పరికరాలు ఆమె చేతికిచ్చారు. నిరుపమ ఆ ముద్దని కొంచెం కొంచెంగా కుదించి, గోడల నుంచి విడదీసి, పైకి తీసింది.

ముద్ద పోయింది. ఖాళీ అయిన గుంట గోడంతా పాత రక్తం మరకలతో పసుపుపచ్చగా ఉంది. ఒక మూల మాత్రం చిన్న ముక్క అంటుకుని ఉంది. అది ముద్దలో మిగిలిందో, మరకపట్టిన మంచి మెదడో చెప్పడం కష్టం.

నిరుపమ దాన్ని పట్టుకుని మెల్లగా లాగింది. నాలుక తీగని కాపలా కాస్తున్న యంత్రం టకటకమని కూసింది.

"వదులు," అన్నారు జోగారావు గారు.

"తాకినందుకు కూసింది సార్. తీస్తే సర్దుకుంటుంది."

"వదులు."

"వదిలితే మూడోసారి చిట్లుతుంది సార్! అప్పుడు ఆవిడకి ఎవరు జవాబు చెబుతారు?"

జోగారావు గారు చెయ్యి చాపి మైక్రోస్కోపు దీపం ఆర్పేశారు. ఇద్దరికీ ఏమీ కనిపించలేదు. నిరుపమ చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆమె పరికరాలు వెనక్కి తీసేదాకా ఆయన దీపం వెయ్యలేదు.

"కుట్టేద్దాం," అన్నారు తర్వాత.

పోలమ్మ కొన్నాళ్ళు గొంతులో గొట్టంతో పడుకుంది. ఒకవైపు చెంప తిమ్మిరెక్కింది, కన్ను కొంచెం మెల్ల పడింది. గొట్టం తీసిన రోజు వార్డంతా చుట్టూ చేరింది. ఆవిడ గొంతు సవరించుకుని, బొంగురుగా, "ఏటలా సూత్తారు, నాను సచ్చిపోనేదు," అంది. మాట ముద్దగా లేదు. మీ పెద్దమ్మ ఏడ్చేసిందట.

నిరుపమ నవ్వలేదు. జోగారావు గారి గదికి వెళ్ళి తలుపు వేసింది. "మీరు భయపడ్డారు సార్," అంది. "ఇలా సగంలో వదిలేయడమే మీ దగ్గర నేర్చుకోవాల్సింది అయితే, నేను వేరే యూనిట్‌కి వెళ్ళిపోతాను."

"ముంజెలు వచ్చాక వెళ్ళు," అన్నారాయన.

వేసవి వచ్చింది. స్కాన్ తీయించుకోవడానికి పోలమ్మ వచ్చింది. గేటు దగ్గరే వాచ్‌మన్‌తో గొడవపడుతున్న కేక పైఅంతస్తు దాకా వినబడింది. నెత్తిమీద గంప నిండా ముంజెలు.

స్కాన్ ఫిల్ముని వెలుగుకి పెట్టి చూశారు. ముద్ద లేదు. ఆ మూలన మాత్రం నల్లటి చుక్క ఒకటి ఉంది. మరకో, మిగిలిన ముక్కో ఫిల్మ్ చూసి ఎవరూ చెప్పలేకపోయారు.

నిరుపమ ఆ చుక్క మీద వేలు పెట్టి గురువు వైపు తిరిగింది. "ఇదిగోండి సార్."

జోగారావు గారు గంపలో చెయ్యిపెట్టి వెతికి ఒక ముదురు ముంజె తీశారు. ముదిరితే పొర కండకి అంటుకుపోతుంది. దాన్ని ఆమె చేతిలో పెట్టి, ఒలవమన్నారు.

"డాకటేరమ్మా, లేతవి ఉన్నాయి కదా, అదెందుకు?" అంది పోలమ్మ. నిరుపమ పంతం పట్టినట్టు గోళ్ళతోనే ఒలిచింది. పొరంతా వచ్చింది. ఒక అంచున కాస్త ముక్క మాత్రం పట్టుకుని ఉంది. గోటికొనతో దాన్ని లాగింది. కింద కండ లోపలికి సొట్టపడి, నీళ్ళు కదలడం కనిపించింది. ఆమె వేలు ఆగిపోయింది.

"ఆగావేం?" అన్నారు జోగారావు గారు.

"పగులుతుంది సార్."

"వదిలేస్తే వగరుంటుందిగా?"

ఆయన ఆ ముంజె తీసుకుని, పొర ముక్కతో సహా నోట్లో వేసుకున్నారు. ఆయన మొహం వికారంగా ముడుచుకుపోవడం చూసి పోలమ్మ పకపకా నవ్వింది. ఆయన నమిలి, మింగారు.

"వగరు మనం మింగాలమ్మా," అన్నారు.

నిరుపమ ఫిల్ముని కవర్లో పెట్టింది. గంప ముందు కింద కూర్చుని, ఇంకో ముదురు ముంజె వెతుక్కుంది.

పిల్లలూ, మూడోసారి రక్తం కారిందా అని మీరు అడుగుతారు. నేను విన్నంతవరకు కారలేదు. పోలమ్మ మళ్ళీ గంపల ముందు నిలబడి పాట పాడిందని మాత్రం తెలుసు. రేపటి మాట నాకు తెలియదు.

మీరు కూడా ఈ కథ ఎవరికైనా చెప్పండి. ముంజెలు దొరికే చోటైతే ఇంకా మంచిది. కానీ వినేవాళ్ళు సంతోషిస్తారు కదా అని, ఆ చుక్క మాయమైపోయిందని చెప్పకండి. ఉందనే చెప్పండి.