ఘాట్ రోడ్డు మీద పెట్రోలు వాసన

గవరయ్య మేస్త్రి ఎవరేం అడిగినా తిన్నగా జవాబు చెప్పడు. విశాఖలో మర్రిపాలెం వైపు పాత కార్ల ఇంజన్లు బాగుచేస్తూ ఆ షెడ్డులోనే ముసలివాడైన మనిషి. అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయించి, జవాబు అందులోంచి ఏరుకోమంటాడు. ఈ అలవాటు చూసి కొందరు ఆయన్ని జ్ఞాని అనేవారు, మరికొందరు మాట దాటేసే ఘటం అనేవారు. నేను మొదటి జట్టులో ఉండేవాణ్ణి. ఈ సంగతి విన్నాక ఏ జట్టులో ఉన్నానో నాకే తెలియదు.

ఆయన శిష్యుడు కనకరాజు ఒకనాడు అడిగాడు: "గురువుగారూ, ఈ భయం మనిషికి ఎప్పుడు పోతుంది?"

ఊరికే అడగలేదు. అప్పుడు షెడ్డులో ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు ఉండేది. విదేశీ బండి, రెండే సీట్లు, నేలకి ఆనుకుని ఉన్నంత కిందికి ఉంటుంది. ఓడరేవులో పనిచేసి రిటైరైన చయనులు గారిది. దాని పెట్రోలు ఇంజెక్షన్ యంత్రం అరిగిపోయింది, విడిభాగాలు ఎక్కడా దొరకలేదు. ఆ యంత్రం పీకేసి, పెట్రోలుని గాలితో కలిపి ఇంజనుకి అందించే పాతకాలపు కార్బురేటర్లు బిగించమన్నారాయన. మేస్త్రి ఆ పని మొత్తం కనకరాజు చేతికే వదిలేశాడు. ఇంజెక్షన్ ఉన్న ఇంజను తనకి ఎంత పెట్రోలు కావాలో తనే కొలుచుకుంటుంది. కార్బురేటర్లకి అలా కాదు. మనిషి చెవి పెట్టి వినాలి, మరలు తిప్పాలి, అన్నిటినీ ఒక్క ఊపిరి మీదికి తేవాలి. తేడా వస్తే తప్పు యంత్రం మీదికి నెట్టడానికి వీల్లేదు.

పాత పెట్రోలు పంపుని మాత్రం కనకరాజు ఉంచేశాడు. పనిచేసే వస్తువుని పారెయ్యకూడదన్నది ఆ షెడ్డు ఆచారం, మేస్త్రి పెట్టిందే. ఇంజెక్షన్ కోసం చేసిన పంపు గనక అది పెట్రోలుని మహా జోరుగా తోస్తుంది, ఆ జోరు కార్బురేటర్లు తట్టుకోలేవు. అందుకని మధ్యలో జోరు తగ్గించే చిన్న వాల్వు పెట్టాడు. మేస్త్రి చూసి సరేనన్నాడు.

ఇంతలో చయనులు గారు భార్య విమలాంబ గారిని కారు చూడ్డానికి తీసుకొచ్చారు. ఆవిడ పెద్ద జబ్బు చేసి అప్పుడప్పుడే కోలుకుంటోంది. అనంతగిరి మీద కాఫీ తోటలు పూత మీదున్నాయి, ఈ బండిలోనే వెళ్లి చూడాలని ఆవిడ కోరిక. ముచ్చటపడి సీట్లో కూర్చుంది గాని తిరిగి లేవలేకపోయింది. ఒకరు చేతులు, ఒకరు నడుము పట్టుకుని పైకి లేపాల్సి వచ్చింది. ఆవిడ నవ్వేసింది. కనకరాజుకి నవ్వు రాలేదు. దారిలో ఇంజను దగ్గర మంట పుడితే ఈవిడ ఎలా దిగుతుంది? ఆ ఆలోచన వచ్చింది మొదలు అతనికి అన్నం సయించలేదు.

తిప్పిన మరనే మళ్లీ తిప్పడం, బిగించిన గొట్టాన్నే మళ్లీ బిగించడం. అనుమానం పెనుభూతమని షెడ్డులో వాళ్లు నవ్వుకున్నారు. ఒకడైతే పెట్రోలులో తడిపిన గుడ్డ అతని వెనకాల పెట్టి, "వాసనొస్తోందేటి రాజూ?" అన్నాడు. కనకరాజు కంగారుగా కారు కిందా మీదా వెతికి, చివరికి గుడ్డ సంగతి తెలిసి తల దించుకున్నాడు. ఆ సాయంత్రమే గురువుని ఆ ప్రశ్న అడిగాడు.

మేస్త్రి యథాప్రకారం జవాబు చెప్పలేదు. ఎల్లుండి వాళ్ల ప్రయాణం గనక రేపు పొద్దున్నే బండిని అనంతగిరి ఘాట్ ఎక్కించి చూద్దామన్నాడు. తను నడుపుతాడు, కనకరాజు అమ్మగారి సీట్లో కూర్చోవాలి.

శృంగవరపుకోట దాటి ఎత్తు మొదలయ్యేదాకా బండి హాయిగా పోయింది. కొన్ని మలుపులు ఎక్కాక కనకరాజుకి పెట్రోలు వాసన తగిలింది. చప్పున పక్కకి చూశాడు. మేస్త్రి ఏదో కూనిరాగం తీస్తూ నిమ్మళంగా నడుపుతున్నాడు. నిజంగా వాసనే అయితే ఇంత అనుభవం ఉన్న మనిషికి తెలియదా అనుకున్నాడు. గుడ్డ గుర్తొచ్చింది. ఇదీ తన భయమేనని నోరు నొక్కుకున్నాడు. తర్వాతి మలుపులో వాసన ఎక్కువైంది. ఇప్పుడు ఆపమంటే, తీరా చూస్తే ఏమీ లేకపోతే, మళ్లీ ఎవరైనా తన చేతికి ఇంజను ఇస్తారా? మేస్త్రి కూనిరాగం ఆపలేదు. కనకరాజు చెయ్యి మాత్రం తలుపు పిడి మీదికి పోయింది. అలా పోయాకే తట్టింది, తను దూకగలడు. ఎల్లుండి ఈ సీట్లో కూర్చునే మనిషి దూకలేదు.

"గురువుగారూ, ఆపండి. నాకు పెట్రోలు వాసనొస్తోంది. ఉత్త భయమే అవొచ్చు. అయినా ఆపండి."

మేస్త్రి మారుమాట లేకుండా ఆపి, ఇంజను కట్టేశాడు. బానెట్ ఎత్తి చూస్తే ఒక కార్బురేటరు పొంగి, పెట్రోలు ధార కట్టి కారుతోంది. సెగలు కక్కుతున్న పొగగొట్టం దానికి జానెడు దూరంలో ఉంది. మధ్యలో పెట్టిన వాల్వు లోపలి రబ్బరు పొర ఇంజను వేడికి చిరిగిపోయింది. పాత పంపు తన పాత జోరంతా చూపించేసింది. ఇన్నాళ్లూ మరల, గొట్టాల చుట్టూ తిరిగిన కనకరాజు భయం ఒక్కసారైనా ఆ వాల్వు వైపు పోలేదు.

ఇద్దరూ దూరంగా జరిగి, బండి చల్లారేదాకా నిలబడ్డారు. మేస్త్రి చయనులు గారికి ఫోన్ చేసి, పంపు మార్చేదాకా ప్రయాణం వద్దన్నాడు. తప్పు ఎవరిదని ఆయన అడిగారో ఏమో, "నాదేనండి" అన్నాడు. కనకరాజు రోడ్డు పక్క పిట్టగోడ మీద కూర్చున్నాడు. కాసేపటికి అతనికి కోపమొచ్చింది. గురువు మీద కోపం రావడం అతనికి అదే మొదలు.

"అంత వాసనొస్తుంటే పాటలేటండీ? మీకు తెలీలేదా?"

మేస్త్రి ఇంజను మీద కారిన పెట్రోలు గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

"నాకు వాసన తెలీడం మానేసి ఏళ్లయిందిరా. షెడ్డులో ఎవరికీ చెప్పలేదు. నిన్ను పక్కనెందుకు కూకోబెట్టుకున్నాననుకున్నావు?"

మేస్త్రి చేతులు తుడుచుకుని బానెట్ మూశాడు.

"భయం ఎప్పుడు పోద్దని అడిగావు. నాకైతే ముక్కుతో పాటే పోయింది."