నక్క తోకలో దొరికిన పీట

చలిగుట్ట అడవిలో ఎలుగుబంటి, కుందేలు, నక్క ఉండేవి. ఏటా చలికాలానికి ఉత్తరపు కొండల నుంచి ఒక ముసలి బాతు కూడా వచ్చి చేరేది. దాన్ని అన్నీ బాతు అవ్వ అని పిలిచేవి. వీటిలో నక్కకు బడాయి ఎక్కువ. ఎంత ఎక్కువంటే, అది తుమ్మినా పక్కవాళ్ళు మెచ్చుకోవాలి.

ఆ ఏడు మునుపెన్నడూ లేనంత చలి పడింది. పొద్దున్నే నక్కకు ఒక రాతిగుంటలో పలకలా మెరిసేది ఏదో దొరికింది. పటికబెల్లం అనుకుని నాకింది. తీపి లేదు, నాలుక మాత్రం జివ్వుమంది.

"ఇది స్ఫటికం. నా కోసమే పుట్టిన పీట," అని దాన్ని బండ మీదికి లాగి, ఎక్కి కూర్చుంది. ఒక్కసారి ముట్టుకుంటానని కుందేలు అడిగింది.

"నీ మొహానికి స్ఫటికమా? పో అవతలికి," అని నక్క కసిరింది.

ఎండ వెచ్చగా తగిలింది. నక్క కునుకు తీసింది. లేచి చూస్తే పీట లేదు. ఇంకేముంది, అడవంతా వినబడేలా అరిచింది. "కుందేలే దొంగ. పొద్దుటి నుంచీ దాని కన్ను నా పీట మీదే ఉంది."

అడవికి పెద్ద ఎలుగుబంటి. అది గడ్డం గోక్కుని, "రేపటికల్లా పీట తెచ్చివ్వు. లేదంటే అడవి విడిచి పో," అని కుందేలుతో అంది.

కుందేలు తన బొరియ వైపు చూసింది. బొరియలో ఇంకా కళ్ళు తెరవని పిల్లలున్నాయి. ఈ చలిలో వాటిని ఎక్కడికి మోసుకుపోతుంది, పాపం?

బాతు అవ్వ నక్క చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "నీ తోక ఎందుకు తడిసింది నాయనా?"

"ఏమో, నాకేం తెలుసు?" అంది నక్క.

"అయితే ఈ రాతిగుంటలో పిండు."

నక్క గొణుక్కుంటూ పిండింది. బొటబొటా నీళ్ళు కారాయి. "పొద్దున వచ్చి చూద్దాం," అంది అవ్వ.

ఆ రాత్రి కూడా చలి కొరికేసింది. తెల్లారేసరికి గుంటలో బుల్లి పీట ఒకటి మెరుస్తోంది. కుందేలు నవ్వుతూనే ఏడ్చేసింది.

"మా కొండల్లో ఇది మామూలే," అంది అవ్వ. "నీరు బాగా చల్లబడితే గడ్డకడుతుంది. వెచ్చబడితే కరిగి మళ్ళీ నీరవుతుంది."

"నా పీట ఇంతకంటే పెద్దది. మిగతాది ఏది?" అంది నక్క, ఇంకా తగ్గకుండా.

"కొంత పారి మట్టిలో ఇంకింది. కొంత ఎండకు ఆవిరై, కంటికి కనబడకుండా గాలిలో కలిసింది. తీరు మారింది గాని నాయనా, నీరు నీరే."

ఎలుగుబంటి సిగ్గుపడి, తొందరపడ్డానని కుందేలుతో ఒప్పుకుంది. నింద వేసినందుకు నక్క చలికాలమంతా కుందేలు బొరియకు ఎండుగడ్డి మోయాలని ఎలుగుబంటి తీర్పు చెప్పింది. గడ్డి మోస్తున్న నక్కను చూసి, దారిలో ఎదురైనవాళ్ళందరూ ఒకటే మాట అడిగేవారు.

"నక్కబావా, తోక పిండుకున్నావా?"

నీతి: కనబడకుండా పోయిందల్లా దొంగలు ఎత్తుకెళ్ళింది కాదు, ఆరా తీయకుండా నింద వేస్తే నవ్వులపాలు కాక తప్పదు.