మరకమ్మ తల్లి బాట మధ్య వెలసిన వైనం

గోరింటవలస దివాణం తోటకు వచ్చే యాత్రికులు ద్వారం దాటగానే ఒక వింత గమనిస్తారు. ఇరువైపులా పొన్నచెట్లతో బంగళా దాకా గీత గీసినట్లు సాగే బాట, సరిగ్గా నడిమధ్య రెండుగా చీలి, ఒక చిన్న గుడిని చుట్టుకుని మళ్ళీ ఒకటవుతుంది. గుడి ముందా, బాట ముందా అని అడగనివారు లేరు. బాటే ముందు. అంత తిన్నని బాటకు అడ్డంగా అమ్మవారు ఎందుకు కూర్చున్నదో, ఆమెకు మరకమ్మ అనే పేరు ఎలా వచ్చిందో తెలుసుకోవలసిందే.

పూర్వం ఇక్కడ గులకరాళ్ళ బీడు తప్ప మరేమీ లేదు. జమీందారు చంద్రశేఖర పాత్రుడు గారికి ఉద్యానవనం మీద మనసైంది. దూరదేశం నుంచి నక్షాలు గీసే నిపుణుణ్ణి రప్పించి, తోటంతా ఒక గుడ్డ మీద గీయించారు. చెట్లకు పచ్చ, కాలువలకు నీలం, తవ్వవలసిన బావులకు పసుపు చుక్క. గీసి ఇచ్చి నిపుణుడు తన దారిన తాను వెళ్ళిపోయాడు. తోటమాలి సన్నెయ్యకు అక్షరం ముక్క రాదు. కానీ రంగులు తెలిస్తే చాలు, గుడ్డ చూసి జానెడు తేడా రాకుండా నాటగలడు.

ఎనిమిది వందల మొక్కలు నాటాడు. నక్షాలోని మూడు బావులూ తవ్వాడు. ఒక్కదానిలోనూ నీరు పడలేదు. ఏటి నుంచి కావిడితో నీళ్ళు మోసి మోసి అతని భుజాలు కాయలు కాచాయి గాని మొక్కలు తలలు వాల్చేశాయి. తోట ఎండితే మరి దివాణం గడప తొక్కవద్దని పాత్రుడు గారు కబురు పెట్టారు. పాలుపోక ఒక ఉదయం ఇంట్లో గుడ్డ మళ్ళీ పరిచి చూస్తే, బాట నడుమ నాలుగో పసుపు చుక్క కనబడింది! ఇంతకాలం తన కంటికి ఎలా ఆనలేదా అని సన్నెయ్య నోరు వెళ్ళబెట్టాడు. అంత చదువుకున్నవాడు పెట్టిన గుర్తును కాదనడానికి తనెవడు? పలుగు పట్టుకుని బయలుదేరాడు.

నిలువు లోతు తవ్వేసరికి పలుగు ఖంగుమంది. మన్ను తుడిస్తే అమ్మవారి ముఖం. ఆ తల్లి పాదాల కింద నుంచి నీరు చిమ్మింది. బాట పాడుచేశాడని మండిపడుతూ వచ్చిన పాత్రుడు గారు అది చూసి చెప్పులు విడిచారు. నక్షా మీద గుర్తు అమ్మవారే స్వయంగా పెట్టిందని దివాణం పండితులు తేల్చేశారు. విగ్రహాన్ని దివాణంలోని గుడికి తరలించాలని నిశ్చయమైంది.

ఆ సాయంత్రం సన్నెయ్య భార్య అంకాలు ఏడుస్తూ చెప్పింది. "ఆ మరక నా సేతిదే మావా. పసుపు నూరతా గుడ్డ మీద ఒలకబోసీసినాను. తిడతావని సెప్పనేదు."

సన్నెయ్య ఆలోచనలో పడ్డాడు. చెబితే పని పోతుంది. చెప్పకపోతే అమ్మవారి పేరు మీద అబద్ధం నిలిచిపోతుంది. భయపడి నోరు కుట్టేసుకున్నాడు.

మర్నాడు పదహారు మంది బోయీలు ఎత్తినా విగ్రహం కదలలేదు. మూడు రోజులు అదే తంతు. నాలుగోనాటి తెల్లవారుజామున సన్నెయ్యకు కలలో ఎర్రచీర కట్టిన ముత్తయిదువ కనిపించి, "నీ ఇంటిదాని చేతి పని నాకు అంటగడతావా? దాని పేరు నువ్వు చెప్పు. నా మాట నేను చెబుతాను" అని గద్దించింది.

లేచినవాడు లేచినట్టే పరుగెత్తి పాత్రుడు గారి కాళ్ళ మీద పడ్డాడు. "బాబూ! ఆ గురుతు తల్లి ఎట్టింది కాదు. మా అంకాలు ఒలకబోసిన పసుపు. నాను బావి గురుతనుకుని తవ్వీసినాను."

పండితుల ముఖాలు మాడిపోయాయి. పాత్రుడు గారు అంకాలును విగ్రహం దగ్గరకు పిలిపించి, "ఏ పూజకు నూరావమ్మా ఆ పసుపు?" అని అడిగారు.

"పూజక్కాదు బాబూ. సేపల పులుసులోకి."

పాత్రుడు గారు నవ్వాలా, కోప్పడాలా అని చూస్తుండగానే అంకాలుకు పూనకం వచ్చింది. "మూడు దినాలై నన్ను మొయ్యడానికి వస్తన్నారు గాని, ఆకలేస్తందా అని ఒక్కడైనా అడిగినాడా? పులుసు వొండండి. నాను ఈ బాట మీదే కూకుంటాను. వొచ్చీ పొయ్యీవోళ్ళని సూడాల!"

పాత్రుడు గారు చెంపలు వేసుకున్నారు. సన్నెయ్య పని నిలిచింది, మొక్కలు బతికాయి, బాటే పక్కకు తప్పుకుంది.

నేటికీ ఆషాఢంలో తొలి ఆదివారం అంకాలు వంశపు ఆడపడుచే పూజారిణిగా తల్లికి చేపల పులుసు నివేదిస్తుంది. ఇల్లు కట్టబోయేవారు నక్షా కాగితాలు తెచ్చి, పసుపు వేలిముద్ర వేసి, తాము దాచిన పొరపాటు ఒకటి పైకి చెప్పుకుంటారు. అలా చెప్పి కట్టిన ఇంట నీటికి కరువు, ఆలుమగల మధ్య దాపరికం ఉండవని నమ్మకం. చెప్పడానికి నోరు రానివారి కాగితాన్ని పూజారిణి తిరిగి చేతికిస్తుంది. పులుసు మాత్రం వారికీ పెడుతుంది.