గంభీరుడి మడుగు కథ

గుమ్మడిలోయ అడవిలో జింకలు, అడవిపందులు, కొండముచ్చులు, కుందేళ్లు ఉండేవి. వాటితోపాటు ఒక గోరువంకల కుటుంబం కూడా ఉండేది. గోరువంకలు ఎవరి గొంతునైనా అనుకరిస్తాయి కదా! అందుకే ఆ అడవిలో కథ చెప్పే పని వాటిదే.

ఏటా ఎండాకాలం వాగు ఎండిపోయి, దగ్గర్లో ఒక్క మడుగులోనే నీళ్లు మిగలగానే జంతువులన్నీ ఒక సాయంత్రం పెద్దబండ దగ్గర చేరేవి. తండ్రి గోరువంక గంభీరుడు మడుగు కథ చెప్పేవాడు. మడుగు దగ్గర మాటు వేసిన చిరుతను తాను పులిలా గాండ్రించి ఎలా తరిమేశాడో, అదీ కథ. "ఇక ఆ మడుగు మీద చిరుత నీడైనా పడదు!" అని ముగించేవాడు. ఆ ఆఖరి మాట విన్నాకే అందరూ నీళ్లకు దిగడం అక్కడి ఆనవాయితీ.

ఈ ఏడు గంభీరుడి గొంతు బొంగురుపోయింది. కొడుకు జీలుగు కథ చెప్పాల్సి వచ్చింది.

"నా గొంతుతోనే చెప్పాలి. ఒక్క ముక్క మారినా నువ్వు నా కొడుకువి కాదు" అన్నాడు గంభీరుడు.

ఆ పొద్దునే జీలుగు మడుగు గట్టున, బురదలో, చిరుత అడుగులు చూశాడు. తడి ఆరని అడుగులు.

"నాన్నా, చిరుత మళ్లీ వచ్చింది."

"నా కథలో రాలేదు" అన్నాడు గంభీరుడు.

జీలుగు తన తల్లి గోరింట దగ్గరికి ఎగిరి వెళ్లాడు. "అమ్మా, నాన్న నిజంగా చిరుతను తరిమాడా?"

గోరింట గూట్లో పుల్లలు సర్దుతూ అంది: "దాన్ని ముందు చూసింది నేను. అరిచి అందర్నీ పరుగెత్తించింది నేను. వేట దొరక్క అది గుట్ట దాటిపోయాక మీ నాన్న గాండ్రించాడు. కథలో మాత్రం నేను గూట్లో కూర్చుని వణుకుతుంటాను."

"మరి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్పబోయాను నాయనా. కథ మధ్యలో ఆడవాళ్లు మాట్లాడకూడదన్నారు. కథ అయ్యాక వినడానికి ఎవరూ మిగలరు."

పొద్దు వాలింది. జీలుగు బండెక్కి తండ్రి గొంతుతో కథ మొదలుపెట్టాడు. అచ్చం అదే గొంతు! జంతువులు తలలూపాయి. కింద కొమ్మ మీద గంభీరుడు ప్రతి మాటకూ ముక్కు కదుపుతున్నాడు.

కథ చివరికొచ్చింది. దాహంతో నాలుక పిడచకట్టిన జింక ఒకటి తన పిల్లను ముందుకు తోసింది. ఆఖరి మాట కోసం అందరూ చెవులు రిక్కించారు.

జీలుగు ఆగిపోయాడు.

"చెప్పరా!" అని గంభీరుడు కసిరాడు.

జీలుగు నోరు తెరిచాడు. ఈసారి వచ్చింది సన్నటి గొంతు, అతని సొంత గొంతు. "మడుగు దగ్గర చిరుత ఉంది. పొద్దున అడుగులు చూశాను. ఎవరూ దిగకండి!"

"తండ్రి కథ పాడుచేశాడు!" అని పందులు గుర్రుమన్నాయి. జింక మాత్రం పిల్లను వెనక్కి లాక్కుంది.

గంభీరుడి ఈకలు నిక్కబొడుచుకున్నాయి. "వీడికి పిరికితనం తల్లి పోలిక! చూడండి, నేనే చూపిస్తా" అంటూ ఎగిరి మడుగు గట్టున వాలాడు. బొంగురు గొంతుతో గాండ్రించబోయాడు.

తుంగ కదిలింది. చిరుత దూకింది!

"ఎగురు!" గోరింట అరుపు అడవంతా మోగింది. గంభీరుడు ఎగిరాడు. తోక మాత్రం చిరుత పంజాలో ఉండిపోయింది.

జంతువులన్నీ గుట్ట మీది ఊటకు నడిచాయి. దూరమే, కానీ జింకపిల్ల కడుపునిండా తాగింది.

మరుసటి ఎండాకాలం బండ మీద కొత్త కథ మొదలైంది. జీలుగు సగం చెప్పాడు. తాను అరిచిన చోటు రాగానే గోరింటే అందుకుని చెప్పింది. ఎవరూ ఆపలేదు.

గంభీరుడు చివరి కొమ్మ మీద నుంచి మెల్లగా అడిగాడు: "ఇందులో నేను లేనేంట్రా?"

"ఎందుకు లేవు నాన్నా? ఆఖర్లో వస్తావు" అన్నాడు జీలుగు. "తోక లేకుండా."

నీతి: కొడుకు నోట తన గొప్పే వినాలనుకునే తండ్రికి, ఆ కొడుకు చేసే హెచ్చరిక వినపడదు.