నమలని ముద్ద

“దామనా! ఓ దామనా! ఆగు!”

వంటశాల గడప దాటబోతున్న దామన వెనక్కి తిరిగాడు. రాజవైద్యుడి కూతురు సురభి పరుగెత్తుకొస్తోంది. ఆమె చేతులకు ఎప్పుడూ ఉండే తులసి వాసన ఆమెకన్నా ముందే వచ్చి అతణ్ణి తాకింది. ఆ వాసన వస్తే చాలు, చేస్తున్న పనేమిటో మరిచిపోవడం దామనకు అలవాటు. ఇవాళ మాత్రం ఆమె కళ్ళలో నీళ్ళు చూసి ఎదురెళ్ళాడు.

“నాన్నను దేశం దాటిస్తారట దామనా. పున్నమిలోపు రాజుగారి కడుపునొప్పి తగ్గకపోతే మా మందుల తోట తగలబెట్టేస్తారట. తాళపత్రాలు ఏట్లో కలిపేస్తారట. ఇంక అయిదు రోజులే ఉంది. డెబ్బై ఏళ్ళ మనిషి, ఎక్కడికి పోతాడు చెప్పు?”

మొగలిపూల వాసనతో తెల్లవారే మొగలిపురం అనే రాజ్యం ముచ్చట ఇది. దాన్ని ఏలే రణధీరభూపతి యుద్ధంలో నిజంగా ధీరుడే. కానీ తన ఒంట్లో ఒక లోపం ఉందంటే ఒప్పుకునే మనిషి కాడు. ఆరు నెలలుగా అన్నం తిన్న గడియకల్లా కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నాడు. రాజవైద్యుడు గౌరీశభట్టు శొంఠి కషాయం ఇచ్చాడు, వాము ఇచ్చాడు, త్రిఫల చూర్ణం ఇచ్చాడు. ఏదీ పనిచెయ్యలేదు.

“ఒక్కసారి నోరు తెరవండి ప్రభూ, నాలుక చూడాలి” అని భట్టు అడిగితే, “ప్రభువు నోట్లోకి తొంగిచూస్తావా? నాడి చూడు, చాలు!” అని రాజు గద్దించాడు.

దామన కొలువులో రుచి చూసేవాడు. రాజుగారు తినే ప్రతి వంటకాన్నీ ముందు తాను తినాలి. అందులో విషముంటే ముందు తాను పోవాలి. వెళ్ళే పళ్ళెమూ తిరిగొచ్చే పళ్ళెమూ రెండూ చూసేవాడు అతనొక్కడే. ఆరు నెలలుగా మునక్కాడ ముక్కలు వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగొస్తున్నాయి. చెరకు ముక్కలూ అంతే, వేయించిన సెనగలూ అంతే. తక్కినదంతా మాత్రం రెప్పపాటులో ఖాళీ. పైగా రాజుగారు నవ్వడం మానేశారు. నవ్వొస్తే ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకుంటున్నారు.

మహారాజుకు నమలడానికి పళ్ళు లేవు. ఆ సంగతి దామనకు ఎప్పుడో అర్థమైంది. కానీ సభలో ఆ మాటన్నవాడి తల మెడమీద నిలవదు.

“ఏడవకు సురభీ. మూడు రోజులు నన్నేమీ అడగకు. నాలుగోనాడు మీ నాన్నను మందుల పెట్టెతో సభకు తీసుకురా.”

“నువ్వేం చేస్తావు?”

“అన్నం తింటాను.”

“ఇది వేళాకోళాల వేళా?”

“నీమీద ఒట్టు. అన్నమే తింటాను.”

తిన్నాడు. ఒక్క ముద్దా నమలలేదు. చేమదుంప ముక్కలు, గారె ముక్కలు అలాగే మింగాడు. మొదటిరోజు గొంతు పట్టేసింది. రెండోరోజు కడుపు బిగిసింది. మూడోరోజు నిలబడలేక స్తంభానికి ఆనుకున్నాడు. ప్రేమంటే పూలూ వెన్నెలా అనుకుంటూ వచ్చాడు ఇన్నాళ్ళూ. కడుపులో బండరాయిలా కూర్చున్న గారె ముక్క కూడా ప్రేమేనని ఆ రోజు తెలిసింది.

నాలుగోనాడు నిండుసభలో మోకాళ్ళమీద కూలబడ్డాడు.

“ప్రభూ, నేను తమకు ద్రోహం చేశాను.”

“ఏమిటా ద్రోహం?”

“ప్రభువు తిన్నదే తింటాను, తిన్నట్టే తింటాను అని ప్రమాణం చేసి కొలువులో చేరాను. ఆరు నెలలుగా తమరు తిన్నదే తిన్నాను. తమరు మింగిన మందే ముందుగా నేనూ మింగాను. నాకు ఏ నొప్పీ రాలేదు. అంటే వంటలో దోషం లేదు, మందులోనూ లేదు.”

రాజు కళ్ళు ఎర్రబడ్డాయి.

“అయితే దోషం నాలోనా?”

“కాదు ప్రభూ, నాలోనే. తిన్నది తిన్నాను గానీ, తమరు తిన్నట్టు తినలేదు. ఈ మూడు రోజులూ తమలాగే తిన్నాను. తమ నొప్పే నాకూ వచ్చింది. రాజవైద్యులు నన్ను ఇక్కడే పరీక్షించాలి. నాకు తగ్గితే తమకూ తగ్గుతుంది. తగ్గకపోతే ఆయనతోపాటు నన్నూ సరిహద్దు దాటించండి.”

వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. రాజు పెదవులు బిగించి తల ఊపాడు.

భట్టు ముందుకొచ్చాడు. వెనకే మందుల పెట్టెతో సురభి వచ్చింది.

“నోరు తెరువు నాయనా. పళ్ళు ముత్యాల్లా ఉన్నాయే! మరి ఎలా తిన్నావు?”

“నమలకుండా మింగానండి.”

“ఎందుకురా?”

“పళ్ళు లేవనుకున్నాను. లేవని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను.”

ముసలి వైద్యుడు అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. సింహాసనం వైపు మాత్రం చూడలేదు. అసలు రోగి ఎవరో ఆయనకు అర్థమైంది.

“సిగ్గెందుకురా వెర్రివాడా? నా నోరు చూడు. మిగిలినవి రెండే. ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు. ఒకదాని మొహం ఒకటి చూసుకుని పదేళ్ళయింది.” సభలో ఎవరో కిసుక్కుమన్నారు. భట్టు గొంతు మెత్తబడింది. “పెసరకట్టు తాగు. రాగిజావ తాగు. మగ్గిన అరటిపండు తిను, శొంఠి వేసిన పల్చటి మజ్జిగ పుచ్చుకో. కరక్కాయ కషాయంతో రోజూ పుక్కిలించు. నోరు చెయ్యలేని పని రోలు చేస్తుంది, వంటవాడు చేస్తాడు. కడుపుచేత చేయించకు నాయనా, దానికి పళ్ళు లేవు.”

ఇంతలో సేనాపతి లేచాడు. “నావీ నాలుగు పోయాయి భట్టుగారూ! యుద్ధంలో పోయాయని అందరికీ చెప్పుకున్నాను. పోయింది మా ఆవిడ చేసిన జంతికతో!”

సభంతా ఘొల్లుమంది. రాజు ఉత్తరీయం నోటికి నొక్కుకున్నాడు. భుజాలు అదిరాయి. ఆపుకున్నకొద్దీ నవ్వు పొంగుకొచ్చి, ఉత్తరీయం జారిపోయింది. అందరూ చూశారు. చూసి, ఒక్కసారిగా తలలు దించేసుకున్నారు.

దామన మెడ వంచాడు. కత్తి చప్పుడు కోసం ఎదురుచూశాడు. కంటి కొసన సురభి పాదాలే కనిపిస్తున్నాయి. అవి చాలనుకున్నాడు.

కత్తి రాలేదు. రాజు మెట్లు దిగి వచ్చి తన చేతి కంకణం తీసి అతని చేతికి తొడిగాడు. “నా సొంత భూముల్లో పది పుట్ల నేల ఆ మందుల తోటలో కలపండి. భట్టును కదిలించినవాణ్ణి నేను కదిలిస్తాను” అన్నాడు మంత్రితో. తర్వాత రోగులు కూర్చునేటట్టు ముసలివాడి ఎదుట నేలమీద కూర్చున్నాడు.

“చూడు భట్టూ,” అన్నాడు. ఆ గొంతులో రాజెవడూ లేడు. “ముందువీ దవడవీ కలిపి పదకొండు పళ్ళు లేవు. వేపపుల్ల కూలివాళ్ళు నమిలేదని మానేశాను. చిగుళ్ళు నెత్తురు కారుతున్నా నీకు చెప్పలేదు. ఆరు నెలలుగా ప్రతి ముద్దా నమలకుండా మింగుతున్నాను. దోషం నీ మందుది కాదు. నాది.”