బొమ్మ ముక్కుకి కళ్ళజోడు

రేపల్లె స్టేషన్ రోడ్డులో కళ్ళజోళ్ళ దుకాణం నడిపే గురవయ్యకీ, అతని తమ్ముడు కోటిలింగానికీ ఉన్నంత తెలివి ఆ ఊళ్ళో ఇంకెవరికీ లేదు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అనలేదు. వాళ్ళే అనుకున్నారు, వాళ్ళే ఒప్పుకున్నారు. గురవయ్య భార్య మాణిక్యమ్మ అయితే, "మా ఇంట్లో తెలివి ఎక్కువైపోయి పొరుగువాళ్ళకి పంచిపెడుతున్నాం" అనేది. పొరుగువాళ్ళు సరిగ్గా ఆ వేళకి తలుపులు వేసుకునేవాళ్ళు.

కిందటేడు వానలకి దుకాణం బోర్డు తడిసిపోతోందని దాన్ని విప్పి లోపల బీరువా వెనక దాచారు. దుకాణం ఎక్కడుందో తెలీక జనం రావడం మానేశారు. అన్నదమ్ములు మాత్రం రోజూ బీరువా వెనక్కి తొంగిచూసి, రంగు చెక్కుచెదరలేదని మురిసిపోయేవాళ్ళు. అదీ వాళ్ళ తెలివి.

ఆ ఇంట్లో పెరిగిన పిల్ల ఝాన్సీ. గురవయ్యకి మేనకోడలు. ఆ పిల్లకి బుర్ర మామూలుగానే ఉండేది కాబట్టి ఇంట్లోవాళ్ళు ఆమెని చూసి జాలిపడేవాళ్ళు. ఝాన్సీ కూడా కళ్ళజోళ్ళే తయారుచేసేది, కాకపోతే మనుషులకి కాదు, బొమ్మలకి. కంప్యూటర్ లోపల ఉత్తుత్తి ఊళ్ళు ఉంటాయి. జనం ఎవరింట్లో వాళ్ళు కూర్చుని తమ బదులు ఒక్కో బొమ్మని ఆ ఊళ్ళలో తిప్పుతారు. దాన్ని అవతార్ అంటారు. మనం ఎలా ఉన్నా మన బొమ్మ మాత్రం ముస్తాబుగా ఉండాలి కదా. దానికి చీరలు, చెప్పులు, కళ్ళజోళ్ళు కావాలి. ఝాన్సీ ఆరునెలలు కష్టపడి పన్నెండు రకాల కళ్ళజోళ్ళు గీసి, ఆ లోపలి బజారులో ఒక చిన్న కొట్టు తెరిచింది.

అది నెల రోజుల కొట్టే. మృణాళిని అని హైదరాబాదులో ఒకావిడ ఉంది. ఆమె ఆ బజారులో తిరిగి ఏది బాగుందో, ఏది బాలేదో రాస్తుంది. ఆవిడ మెచ్చుకుంటే బజారువాళ్ళు ఆ కొట్టు ఝాన్సీకి శాశ్వతంగా ఇస్తారు. లేకపోతే సామాను సర్దుకోవాలి. ఆ పిల్ల ఆశంతా దానిమీదే. సొంతంగా నిలబడాలని ఎన్నాళ్ళుగానో కలలు కంటోంది పాపం.

సరిగ్గా ఆవిడ వచ్చే రోజు పొద్దున్నే ఝాన్సీకి కళ్ళకలక వచ్చింది. కళ్ళు రెండూ టమాటాల్లా ఎర్రబడ్డాయి. రెప్పలు అంటుకుపోయాయి. డాక్టరు చుక్కలు వేసి, కళ్ళు మూసుకుని పడుకోమన్నాడు.

"పదకొండింటికి ఆవిడ వస్తుంది. నేనే గోడకానుకుని కూర్చుని మాట్లాడతాలే మామయ్యా" అంది ఝాన్సీ.

"నువ్వు ఆ కంప్యూటరు గదిలోకి రావద్దు తల్లీ" అన్నాడు గురవయ్య. "కళ్ళకలక చూపుతో అంటుకుంటుంది. ఆ లోపల ఊరి నిండా బొమ్మలున్నాయి. ఒకదానికి అంటితే ఊరంతా అంటుకుంటది. అప్పుడు నీ కొట్టుకెవరొస్తారు?"

"బొమ్మలకి ఎలా అంటుతుంది మామయ్యా?"

"మాకు తెలీదా? ముప్పై ఏళ్ళుగా కళ్ళ వ్యాపారంలో ఉన్నాం" అన్నాడు కోటిలింగం.

అంతే. పిల్లని పక్క గదిలో పడుకోబెట్టి తలుపు వేసేశారు. పాపం ఝాన్సీ ఆ తలుపు వెనకనుంచే అరిచి చెప్పింది. "మీరు ఏదీ ముట్టుకోవద్దు. కళ్ళజోళ్ళు ఆవిడే తీసుకుని పెట్టుకుని చూసుకుంటుంది. మైకులో మీ మాట వినబడుతుంది. అడిగినదానికి ఉన్నదున్నట్టు జవాబు చెప్పండి, చాలు."

ముగ్గురూ తెర ముందు కూర్చున్నారు. తెర మీద ఝాన్సీ కొట్టు, కొట్టు ముందు ఝాన్సీ బొమ్మ.

"పిల్లకి కళ్ళకలక వస్తే పిల్ల బొమ్మకి రాకుండా ఉంటదా?" అంది మాణిక్యమ్మ.

నిజమే కదా. ఇంకేముంది, కోటిలింగం దూది తెచ్చి, బొమ్మ కళ్ళున్న చోట తెరకి ప్లాస్టరుతో అతికించాడు. ఆ బొమ్మ కుదురుగా ఉండే రకం కాదు. రెండడుగులు పక్కకి జరిగింది. దూది ఉన్నచోటే ఉండిపోయింది. అప్పుడే మృణాళిని బొమ్మ వచ్చి సరిగ్గా అక్కడ నిలబడింది. నీలం చీర, వీపుకి సీతాకోకచిలక రెక్కలు, మూతి మీద తెల్లటి దూది.

"నమస్కారమమ్మా" అన్నాడు గురవయ్య. ఉన్నదున్నట్టు చెప్పమంది కదా పిల్ల. "మీ మీసాలు చాలా బాగున్నాయి."

అటునుంచి ఎవరో నవ్వు ఆపుకుంటున్న చప్పుడు వచ్చింది. "నమస్కారమండీ. కొత్త మోడళ్ళు చూద్దామని వచ్చాను."

"ఈవిడ రెప్ప వెయ్యట్లేదు" అంది మాణిక్యమ్మ కంగారుగా. "కళ్ళెండిపోతాయి." అంటూనే ఝాన్సీ చుక్కల మందు తెచ్చి తెర మీద కుడికన్నులో రెండు, ఎడమకన్నులో రెండు వేసింది. మందు తెర మీదనుంచి జారి బల్ల మీద పడింది. "ఎంత బాధ దాచుకుందో, కన్నీళ్ళు ఆగట్లేదు" అని కొంగుతో తుడిచింది.

మృణాళిని ఒక గుండ్రటి కళ్ళజోడు తీసి తన బొమ్మకి పెట్టుకుంది. కోటిలింగానికి చేతులు ఊరుకోలేదు. దుకాణంలో పరీక్ష చెయ్యకుండా ఎవరికీ కళ్ళజోడు ఇవ్వడు మరి. అక్షరాల అట్ట తెచ్చి తెరకెదురుగా పట్టుకున్నాడు.

"చదవండమ్మా."

"ఏం చదవాలండీ? నాకేం కనబడట్లేదే."

"పైన పెద్ద అక్షరం కూడానా?"

"అసలు ఏ అక్షరమూ లేదండీ ఇక్కడ."

కోటిలింగం పరీక్ష అద్దాలు ఒక్కొక్కటే తెరకి ఆనించాడు. ఇప్పుడు? లేదండీ. ఇప్పుడు? లేదండీ. పెట్టెలో అద్దాలన్నీ అయిపోయాయి. అన్నయ్య చెవిలో, "ఇన్నేళ్ళలో ఇంత పవరు చూడలేదు" అన్నాడు.

"సరే గానీ, వెనకనుంచి ఎలా ఉందండీ?" అని అడిగింది మృణాళిని.

గురవయ్య లేచి వెళ్ళి తెర వెనక్కి వంగి చూశాడు. "వైర్లు వేలాడుతున్నాయమ్మా. దుమ్ము కూడా బాగా పట్టింది. స్నానం చేసి ఎన్నాళ్ళయింది?"

"పక్కనుంచి?"

గురవయ్య పక్కకి వచ్చి చూశాడు. తెర రెండు వేళ్ళ మందం ఉంది. "పక్కనుంచి చూస్తే ఏమీ లేదమ్మా. అట్టముక్కలా అయిపోయారు. వేళకి తింటున్నారా లేదా?"

ఈసారి మృణాళిని దాచుకోకుండా నవ్వింది. పక్క గదిలో ఝాన్సీకి ఆ నవ్వొక్కటే వినబడింది. ఏదో బాగానే జరుగుతోంది కాబోలనుకుని ప్రాణం కుదుటపడింది.

"ముక్కు మీద కాస్త వదులుగా ఉందండీ. నేను సరిచేసుకుంటాను" అంది మృణాళిని.

"అయ్యో, మేమున్నాం కదా" అన్నాడు కోటిలింగం. దుకాణంలో ఫ్రేము వదులైతే వేడి చేసి వంచుతారు. ఇక్కడా అంతే. హీటరు తెచ్చి తెరకి దగ్గరగా పెట్టి వేడిగాలి కొట్టాడు. తెర అంచు ప్లాస్టిక్కు మెత్తబడి వంకర తిరిగింది. అదే సమయానికి హైదరాబాదులో మృణాళిని తన పాటికి తాను ఏదో మీట నొక్కి, "ఆఁ, ఇప్పుడు సరిగ్గా కూర్చుంది" అంది.

అన్నదమ్ములు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఇంత పనితనం తమకి తప్ప ఎవరికుంటుంది?

"ఇది నాకొకటి పంపండి" అంది మృణాళిని. "సాయంత్రం ఆరింటికి ఇక్కడే ఒక సభ ఉంది. పెట్టుకుని వెళ్ళి, నలుగురూ ఏమంటారో చూసి రాస్తాను."

"ఆరింటిలోపు కదా. మీ ఇల్లెక్కడమ్మా?"

"నల్లకుంటలోనండీ, నీళ్ళ ట్యాంకు ఎదురుగా. ఎందుకూ?"

"ఊరికే తెలుసుకుందామని" అన్నాడు గురవయ్య, రహస్యం కాపాడుతూ. ఆవిడ వెళ్ళిపోయింది.

"ఏమంది మామయ్యా?" అని తలుపు వెనకనుంచి ఝాన్సీ అడిగింది.

"నచ్చింది. ఒకటి పంపమంది."

"హమ్మయ్య. అయితే వెంటనే పంపేయండి" అని, కిందటి రాత్రంతా నిద్రలేని పిల్ల అటు తిరిగి పడుకుంది. పంపడమంటే అక్కడ ఒక్క మీట నొక్కడమే. ఆ మాట చెప్పాలని ఎవరికి మాత్రం తోస్తుంది?

ఇంకేముంది, ముగ్గురూ పనిలో పడ్డారు. కళ్ళజోడు తెరలోపల కనబడుతోంది గానీ బయటికి రాదు. తెరని తలకిందులు చేసి దులిపారు. రాలలేదు. వీపు మీద చరిచారు. కదల్లేదు.

"ఎంత గట్టిగా బిగించిందో పిల్ల" అని గురవయ్య మెచ్చుకున్నాడు. "దీంతో సహా పంపేద్దాం. ఆవిడే తీసుకుంటుంది."

వైరు పీకారు. తెర నల్లబడింది. "చూశావా, దారిలో దుమ్ము పడకుండా దానంతటదే మూత వేసుకుంది" అన్నాడు కోటిలింగం. మాణిక్యమ్మ తన బొంత చుట్టింది. పైన 'గాజు సామాను' అని రాసి, పన్నెండు గంటల హైదరాబాదు బస్సులో వేసి వచ్చి, కడుపునిండా భోంచేశారు.

మూడింటికి ఝాన్సీ లేచింది. ఒక కన్ను కాస్త తెరుచుకుంది. ఆ కన్నుతోనే గదిలోకి వచ్చి చూస్తే బల్ల మీద తెర లేదు.

"కళ్ళజోడు పంపాంగా" అన్నాడు గురవయ్య.

సంగతంతా విని ఝాన్సీ నేల మీద కూలబడింది. ఏడుద్దామంటే కళ్ళు మండాయి. కాసేపటికి తేరుకుంది. ఎంతైనా ఆ ఇంట్లో పెరిగిన పిల్ల, ఓర్పెక్కువ.

"మామయ్యా, కళ్ళజోడు తెరలో ఉండదు. తెర మీద కనబడుతుంది, అంతే. అసలు కళ్ళజోడు ఇదిగో, బల్ల కింద ఈ నల్ల డబ్బాలో ఉంది. ఇంకా మూడు గంటలు టైముంది, ఫర్వాలేదు. హాల్లో టీవీ తెచ్చి దీనికి తగిలిద్దాం. నేను ముఖం కడుక్కుని చుక్కలు వేసుకుని వస్తాను, పావుగంట."

"అర్థమైంది తల్లీ" అన్నారు ముగ్గురూ ఒకేసారి. ఆ మాట వినగానే ఝాన్సీ భయపడాల్సింది. ఆ ఒక్కసారికి తెలివి పనిచెయ్యలేదు.

పావుగంట తర్వాత వచ్చి చూస్తే టీవీ ఉంది. డబ్బా లేదు. కోటిలింగమూ లేడు.

"తప్పు చేశాం, ఒప్పుకున్నాం, దిద్దుకున్నాం" అన్నాడు గురవయ్య గర్వంగా. "అసలు కళ్ళజోడు డబ్బాలో ఉందని నువ్వే చెప్పావు కదా. మూడుంపావు బస్సుకి పంపాను. మళ్ళీ పొరపాటు జరక్కుండా తమ్ముణ్ణి కూడా ఎక్కించాను. ముక్కు దగ్గర వదులైతే వంచడానికి హీటరు కూడా పట్టుకెళ్ళాడు."

ఝాన్సీ చెయ్యి చాచింది. "నా ఫోను ఇవ్వండి. మృణాళిని గారికి చెప్పి కాస్త గడువు అడుగుతాను."

"ఆవిడ నంబరు నీ ఫోన్లోనే ఉందిగా. ఇల్లు దొరక్కపోతే ఎట్టా అని అది కూడా వాడికే ఇచ్చాను."

అప్పుడే గురవయ్య ఫోను మోగింది. బస్సులోంచి కోటిలింగం. ఝాన్సీ ఆ ఫోను లాక్కుని, "చిన్న మామయ్యా, ఎక్కడున్నావు?" అంది.

"ఇప్పుడే ఊరు దాటాం తల్లీ. డబ్బా నా ఒళ్ళోనే భద్రంగా ఉంది. ఒక శుభవార్త. ఇప్పుడే నీ ఫోనుకి ఆ బజారువాళ్ళు చేశారు. పొద్దున మన కొట్లో జరిగిన మర్యాదకి మృణాళిని గారు నవ్వి నవ్వి, సాయంత్రం దాకా ఆగలేక అప్పుడే రాసేసిందట. అయిదుకి అయిదు నక్షత్రాలు. ఇలాంటి కొట్టు ఎక్కడా చూడలేదని రాసిందట."

ఝాన్సీకి అంటుకుపోయిన రెండో కన్ను కూడా తెరుచుకుంది. సంతోషంతో మాణిక్యమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇంకా ఏమన్నారు చిన్న మామయ్యా?"

"కొట్టు శాశ్వతంగా ఇస్తున్నాం, కావాలా వద్దా, ఇప్పుడే చెప్పండి, వెనక వందమంది కాచుకుని ఉన్నారు అన్నారు."

"నువ్వేమన్నావు?"

"నన్ను నువ్వు అంత తెలివితక్కువ వాణ్ణనుకున్నావా తల్లీ? ఉన్న ఒక్క దుకాణానికే మనుషులు చాలక ఇవాళ తాళం వేసి వచ్చాం. ఇంకో కొట్టు మనకెందుకని వద్దనేశాను."