ఉట్టికొండ తలకిందుల గోపాలుడు

ఉట్టికొండకు విచ్చేసిన భక్తులారా, మెట్ల దారి పట్టేముందు ఒక్క క్షణం ఈ తూర్పు మిట్టమీద ఆగండి. ఎదురుగా నిట్టనిలువు కొండ. దాని నడుమ ఉట్టి కట్టినట్టు వేలాడే చిన్న గుహ. అందులో వెన్నముద్ద చేతబట్టిన బాలగోపాలస్వామి. ఉట్టిలో వెన్న కాజేసేవాడు తానే ఉట్టెక్కాడని పెద్దల చమత్కారం. మీరు నిలబడ్డ ఈ నాలుగు స్తంభాల కట్టడాన్ని పీపా మండపం అంటారు. నడుమ పసుపు కుంకుమలతో నిండుగా కనిపిస్తున్నది రోలు కాదు, గాదె కాదు. రోడ్డు వేసే తారు పీపా! నవ్వొచ్చిందా? నవ్వండి. ఈ క్షేత్రంలో నవ్వు కూడా పూజే. ఎందుకో మనవి చేస్తాను.

పూర్వం ఇక్కడ చిలకలేటికి ఆనకట్ట కడుతున్న రోజుల్లో ఈ మిట్టమీదే క్యాంపు ఉండేది. అందులో ముక్కామల యజ్ఞనారాయణగారని ఒక ఇంజనీరు. వేళకు ఆనకట్ట పని, తీరిక దొరికితే దుర్భిణి పని. శనిగ్రహం చుట్టూ ఉన్న వలయాన్ని తన చేత్తో చేసిన దుర్భిణిలో చూడాలని ఆయన ముచ్చట. కొనుక్కోరాదా అని ఎవరైనా అంటే, "కొన్నదాంట్లో ఎవరి శనో కనిపిస్తాడు. నా శనిని నేనే తెచ్చుకుంటాను" అనేవారట.

దుర్భిణికి ప్రాణం లోపలి అద్దం. ఖాళీ పీపా నిలబెట్టి, దానిమీద మందపాటి గాజుబిళ్ళ బిగించి, గరుకుపొడీ నీళ్ళూ చల్లి, మరో బిళ్ళతో రుద్దాలి. ఒకేచోట నిలబడి రుద్దితే గాజు ఒక పక్కే అరుగుతుంది. పీపా చుట్టూ తిరుగుతూ రుద్దితేనే లోతు సమంగా తేలుతుంది. అందుకని ఆయన రోజూ తిరిగేవారు. కూలీ జనం చూశారు.

"బాబుగోరు పీపాకి పెదచ్చినాలు సేత్తన్నారేటే?"

"అమ్మగోరు కడుపుతో ఉన్నారు గదేటి. మొక్కయ్యుంటాది."

మర్నాటికి పీపాకు బొట్టు వెలసింది!

మొక్కు మాట అబద్ధం కాదు. అయితే అది ఆయనది కాదు, ఆయన భార్య సుభద్రమ్మగారిది. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు ఆ తల్లికి. ఈసారి నిలిస్తే కాన్పులోపు స్వామిని కళ్ళారా చూస్తానని మొక్కుకున్నారు. నిలిచింది. కానీ వేవిళ్ళతో మంచం దిగేసరికి అయిదో నెల దాటిపోయింది. ఆపైన గర్భిణి కొండ ఎక్కకూడదని మన ఆచారం. మొక్కు తీరదేమో, తీరకపోతే ఈ బిడ్డకేమవుతుందో అని ఆవిడ కుమిలిపోయేవారు.

ఒకనాడు ఇంజనీరుగారు అన్నం ముందు కూర్చుని, "కొండ నువ్వెక్కొద్దు సుభద్రా. స్వామినే కిందికి దింపుతాను" అన్నారు.

"ఒరే నారాయణా, ముందు నోరు కడుక్కో!" అన్నారు ఆయన తల్లి మహలక్ష్మమ్మగారు.

"తిన్నాక కడుక్కుంటానే అమ్మా. శని కోసం మొదలెట్టిన అద్దం, స్వామి కోసం ముగిస్తాను."

అప్పటినుంచి పీపా చుట్టూ ఇద్దరు. ముందు ఆయన గాజు రుద్దుతూ, వెనక ఆవిడ తన నడుంమీద చెయ్యి ఆనించుకుని. కాన్పు తేలికవుతుంది, నడవమని మంత్రసాని గంగులమ్మ చెప్పింది మరి.

తొమ్మిదో నెల వచ్చింది. అద్దం మెరుగు తేలి దుర్భిణి సిద్ధమైంది. దర్శనానికి ముందురోజే గంగులమ్మ పొట్టమీద చెయ్యి వేసి మొహం చిన్నబుచ్చుకుంది. "బిడ్డ ఇంకా తల పైకెట్టే ఉన్నాది తల్లీ. తల కిందికి తిరగాల. ఎదురుకాళ్ళయితే కట్టం."

మర్నాడు తెల్లవారింది. ఎండ సూటిగా గుహలోకి పడింది. అర్చకులు అప్పలాచార్యులవారు తెర తీశారు. మిట్టమీద సుభద్రమ్మగారు దుర్భిణికి కన్ను ఆనించారు.

"కనిపించాడా?" అన్నారు ఇంజనీరుగారు.

"కనిపించాడండీ. కానీ... కాళ్ళు పైకి పెట్టాడు!"

మహలక్ష్మమ్మగారు చూసి చెంపలు వేసుకున్నారు. "తలకిందులుగానా! ఎంత అపచారంరా! అసలే బిడ్డ..."

ఇంజనీరుగారు తల పట్టుకున్నారు. ఈ రకం దుర్భిణిలో దేన్ని చూసినా తలకిందులే. చుక్కలకు పైనేది, కిందేది? చుక్కలు చూసేవాడికి ఆ పట్టింపే ఉండదు. స్వామికి ఉంటుందని ఆయనకు తోచనే లేదు. "మరో కటకం పెట్టి నిలబెడతాను, ఉండు" అంటూ మరలు విప్పబోయారు.

సుభద్రమ్మగారు ఆయన చెయ్యి పట్టుకున్నారు. "విప్పకండి! నిన్న గంగులమ్మ ఏమంది? బిడ్డ తల కిందికి తిరగాలంది కదా. ఎలా తిరగాలో మన మొద్దుకు స్వామి తానే చేసి చూపిస్తున్నాడండీ!"

అని నవ్వారు. నెలల తరబడి నవ్వని మనిషి, పొట్ట పట్టుకుని కళ్ళనీళ్ళు తిరిగేదాకా నవ్వారు. సంగతి విని అప్పలాచార్యులవారు దిగివచ్చి, తామూ చూసి, "పుట్టినప్పటినుంచీ సేవిస్తున్నాను. ఈ అల్లరి నాకెప్పుడైనా చూపించాడా!" అని మురిసిపోయారు.

సుభద్రమ్మగారు రోజూ ఆ దర్శనం చేశారు, రోజూ నవ్వారు. వారం తిరగకుండా గంగులమ్మ పొట్ట తడిమి, "తిరిగినాడమ్మా దొంగ!" అని కేక పెట్టింది. కాన్పు సుఖంగా జరిగింది. దొంగ కాదు, దొంగపిల్ల. గోపిక అని పేరు పెట్టుకున్నారు.

ఇంజనీరుగారికి బదిలీ అయినప్పుడు దుర్భిణిని స్వామికే సమర్పించి వెళ్ళారు. ఇదిగో, ఇదే. శని మాటేమిటంటారా? ఆడపిల్ల తండ్రికి తీరిక దొరికితే కదా!

నేటికీ నెలలు నిండిన తల్లులు పీపాకు మెల్లగా ప్రదక్షిణం చేసి, దుర్భిణిలో స్వామిని చూస్తారు. పక్కనున్న భర్త "తిరిగాడా?" అని అడగాలి. ఆవిడ "తిరిగాడు" అనాలి. అనేలోపే నవ్వు వస్తుంది, అదే నైవేద్యం. డాక్టరమ్మ ఇచ్చిన మందులు మాత్రం మానకండి, అలా మానమని స్వామి ఎవరికీ చెప్పలేదు. దుర్భిణిలో స్వామిని నిటారుగా నిలబెట్టిస్తామని అడపాదడపా దాతలు వస్తుంటారు. ఈ చుట్టుపక్కల తల్లులు ఒప్పుకోరు.

అయితే ఒక నియమం ఉంది. కిందనుంచి తలకిందులుగా చూసినవారు బిడ్డకు మెడ నిలిచాక ఎత్తుకుని కొండెక్కాలి. మొదట ఎక్కింది సుభద్రమ్మగారే. గుహ ముందు పాపను నిలబెట్టి పట్టుకుని, "ఇప్పుడు చూడు స్వామీ! మేమూ తిరిగాం, నువ్వూ తిరిగావు" అన్నారట. అప్పుడు పాప స్వామి చేతిలోని వెన్నముద్ద కోసం చెయ్యి చాచింది.

అందుకే ఇక్కడ పసిబిడ్డలకే తొలి ప్రసాదం. వెన్న, వేలి కొసతో. మీ బిడ్డల నోటికీ అది అందుగాక!